క్యాసెట్ రెండోవైపు

"ఇంగ ఆపు ఆ మగ్గం. అరగంటే కదా!"

"ఇంగ నాలుగు పోగులే."

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదికి నీలావతి మొదటి మాట అంటుంది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆమె భర్త అంజనప్ప రెండో మాట అంటాడు. ఆ నాలుగు పోగులు నలభై అయ్యాక గానీ ఆయన చేయి ఆగదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఏ ఇంట్లోనైనా మగ్గం ఆపమని అడగడం చిన్న విషయం కాదు. అయినా తొమ్మిదేళ్ళుగా ఆయన ఆపుతూనే ఉన్నాడు. మా ఇంటి రేడియోకు నేనిచ్చే కరెంటు ఇదేనని వీధిలోవాళ్ళతో పరాచికాలాడుతుంటాడు.

మగ్గం ఆగగానే కోడలు కళావతి కిటికీకి మందపాటి బొంత కట్టింది, పక్కిళ్ళ మగ్గాల చప్పుడు లోపలికి రాకుండా. నీలావతి బియ్యం డబ్బా మీద టేప్‌రికార్డర్ పెట్టి, దూదితో దాని హెడ్డు తుడిచి, గొంతు సవరించుకుని బటన్ నొక్కింది.

"నేను ధర్మవరం పాతబావి వీధి నీలావతిని. మీ చేతులు పనిలో ఉండనీండి, చెవులు మాత్రం నాకియ్యండి."

ఆ తర్వాత అరగంట ఆమెదే. ఆ వారం పట్టు ధర, బడిలో పరీక్షల తేదీలు, ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, మోకాళ్ళ నొప్పులకు ఓ ముసలమ్మ చెప్పిన చిట్కా, చివర్లో ఒక నవ్వొచ్చే కథ. కాగితం చూసి చదవదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఒక క్షణం ఆగితే వినేవాళ్ళు ముందుకు వంగుతారో ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పించి ఉంటే చెడిపోయేదేమో కూడా.

ఇదంతా మొదలైంది ఆమె తల్లి సిద్దమ్మ వల్ల. పెనుకొండలో ఉండే సిద్దమ్మకు చదువు రాదు. కూతురి ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చదివి వినిపించడం ఆమెకు నచ్చేది కాదు. దాంతో తొంభై ఆరులో నీలావతి తన కబుర్లన్నీ ఒక క్యాసెట్‌లో చెప్పి బస్సు కండక్టర్ ఓబన్న చేతికిచ్చి పంపింది. నాలుగు రోజులకు అదే క్యాసెట్ తిరిగొచ్చింది. రెండోవైపు తిప్పి పెడితే తల్లి గొంతు. "ఏమ్మే, అట్ల బిరబిరా మాట్లాడితే నాకేమర్థమైతాది? కొంచెం నిదానంగా చెప్పు. పక్కింటోళ్ళు గూడా వింటాండారు."

ఆ పక్కింటివాళ్ళు ఇంకో క్యాసెట్ అడిగారు. వాళ్ళ చుట్టాలు హిందూపురంలో ముదిరెడ్డిపల్లి మగ్గాలవాళ్ళు, వాళ్ళూ అడిగారు. అలా 'మగ్గాల కబురు' పుట్టింది. ఒక్కో క్యాసెట్ పది ఇళ్ళు తిరుగుతుంది, పూటకొక ఇల్లు. మొదటివైపు నీలావతి మాట, అన్నిట్లోకీ కాపీ చేసింది. రెండోవైపు ఖాళీ. విన్న ఇల్లు ఆ ఖాళీలో తమ మాట చెప్పి పక్కింటికి ఇవ్వాలి. తర్వాతి ఇల్లు దానికి జవాబు చెప్పొచ్చు, సొంత మాట చెప్పొచ్చు, పిల్లల చేత పద్యం పాడించొచ్చు. నియమం ఒక్కటే, సిద్దమ్మ పెట్టింది. ముందు పేరు, వీధి చెప్పాలి. సొంత పేరు చెప్పుకుని అనలేని మాట అసలు అనొద్దని ఆమె పట్టుదల. సిద్దమ్మ పోయి అయిదేళ్ళయింది గానీ నియమం పోలేదు.

ఒకప్పుడు ఇరవై రెండు క్యాసెట్లు తిరిగేవి. రెండువేల అయిదు వచ్చేసరికి తొమ్మిది మిగిలాయి. ఇరవై నాలుగ్గంటల వార్తల ఛానళ్ళు వచ్చాయి, పొద్దుగూకితే సీరియళ్ళు. జిల్లా పేపర్లో మగ్గాల కబురు గురించి నాలుగు ముక్కలు వేయమని నీలావతి స్వయంగా వెళ్ళి అడిగింది. అక్కడి విలేకరి మంచివాడే, టీ తెప్పించి మరీ చెప్పాడు. "అమ్మా, కొత్తగా ఏమన్నా జరిగింటే చెప్పు, వేస్తాం. తొమ్మిదేండ్లుగా జరిగేది వార్త ఎట్లయితాది?" కేబుల్ టీవీ అతనైతే మధ్యలో పాటలు ఆపితే జనం తిడతారన్నాడు. కళావతి పట్టు వదలకుండా రెండు ఛానళ్ళకు ఉత్తరాలు రాసింది, జవాబు లేదు. నీలావతి పైకి నవ్వేసింది. లోపల మాత్రం, ఒక్కసారి ఎవరైనా మన పేరు కూడా చెబితే ఎంత బాగుంటుందో అనుకునేది. అనుకోవడం తప్పేమీ కాదు కదా.

ఆమె కొడుకు గిరి ఉండేది హిందూపురంలో. ఒక పెద్ద ఛానల్‌కు కంట్రిబ్యూటర్. అంటే కెమెరా తనదే, బండి తనదే, పరుగు తనదే. వార్త ప్రసారమైతే పేరు పడుతుంది, లేకపోతే లేదు. రెండేళ్ళుగా పర్మనెంట్ రిపోర్టర్ కావాలని తిరుగుతున్నాడు. అక్కడ అద్దెకున్నది ఒక్క గది కాబట్టి భార్యను అమ్మానాన్నల దగ్గరే ఉంచి, ఆదివారాలు రైలెక్కి వస్తాడు.

ఆ ఆదివారమూ వచ్చాడు. అప్పటికి రికార్డింగ్ అయిపోయింది. అత్తాకోడళ్ళు తిరిగొచ్చిన క్యాసెట్ల రెండోవైపులు వింటున్నారు. ఏడో నంబరు క్యాసెట్‌లో ఒక సన్నని గొంతు వినబడింది.

"నేను పెనుకొండ కోట వీధి వరలక్ష్మిని. అక్కా, ఈ మాట ఇంతవరకు యాడా అనలేదు. మా ఆయనకు కండ్లు మసకలు పడి ఆరునెల్లాయె. ఎర్రపోగేదో కుంకుమపోగేదో తెలీదంటాడు. నేను పక్కన కూచోని రంగులు చెప్తాంటే నేస్తాండాడు. షావుకారికి తెలిసిందంటే ఇంగ నేసేదానికి పడుగు ఇయ్యడు. మీలో ఎవరింట్లో అన్నా ఇట్లయింటే ఏం చేసినారో చెప్పండక్కా."

ఆమె మాటల వెనక మగ్గం చప్పుడు. ఆగి ఆగి, తడుముకుంటూ.

తర్వాతి ఏడిళ్ళూ జవాబు చెప్పాయి. పడుగు కింద తెల్లగుడ్డ పరిస్తే పోగులు తేటగా కనబడతాయని ఒక ఇల్లు చెప్పింది. అది శుక్లం అయ్యుంటుంది, మా నాయనకు తీయించాం, భయపడొద్దని ఇంకో ఇల్లు. మేం చెబితే కదా మీ షావుకారికి తెలిసేది అని ఒక పెద్దావిడ గట్టిగా అంది. నీలావతి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఈ టేపు మాత్రం పక్కన పెట్టెయ్ కళావతీ. ఆస్పత్రి పేర్లు రాసుకున్నంక నేనే చెరిపేస్తా. ఇందులో మనుషుల గుట్టు ఉండాది."

గుమ్మంలో చెప్పులు విప్పుతూ గిరి ఇదంతా విన్నాడు. భోజనాలయ్యాక, స్టేషన్‌కు బయల్దేరేముందు, పెరట్లో గిన్నెలు కడుగుతున్న కళావతి దగ్గరికి వచ్చాడు.

"ఆ ఏడో నంబరు టేపు ఇయ్యి. అమ్మ గురించి ఛానల్లో వచ్చేట్టు చేస్తా."

"నిజంగానా? అత్తమ్మ పేరు చెప్తారా?"

"చెప్పకేమి! ముందు వాళ్ళు ఈ గొంతు వినాల. వింటే విడిచిపెట్టరు."

కళావతికి అంతకంటే ఏం కావాలి? చెయ్యి తుడుచుకుని క్యాసెట్ తెచ్చిచ్చింది.

సోమవారం సాయంత్రం ఏడున్నర వార్తలు మొదలయ్యేసరికి నీలావతి చక్రం తిప్పుతూ కండెలకు పట్టుపోగు చుడుతోంది. కళావతి మాత్రం గంట ముందు నుంచే టీవీ ముందు కూర్చుని ఉంది. ఒక్కసారిగా తెరనిండా మగ్గం కనిపించింది, ఏ ఊరిదో ఏమో. 'మసకబారిన నేత' అని పెద్ద అక్షరాలు. విషాదంగా ఓ సంగీతం. దాని మీద, కొత్తబట్ట చింపినంత స్పష్టంగా, ఆ గొంతు.

"నేను పెనుకొండ కోట వీధి వరలక్ష్మిని..."

నీలావతి చేతిలో చక్రం ఆగిపోయింది.

మొత్తం వేశారు. పేరు, వీధి, భర్త కళ్ళు, షావుకారు, అన్నీ. నీలావతి పేరు లేదు, మగ్గాల కబురు పేరూ లేదు. చివర్లో కింద పడింది: మా ప్రతినిధి గిరి సేకరించిన ప్రత్యేక కథనం.

"మనోని పేరు!" అని మగ్గంలోంచే అరిచాడు అంజనప్ప. భార్య ముఖం చూశాక ఆయన గొంతు దిగిపోయింది. "ఏమ్మే, ఏమైంది?"

"ఆ టేపు యాడిది వానికి?"

కళావతి లేచి నిలబడింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "నేనే ఇచ్చినా అత్తా. మీ పేరు చెప్తారనుకుంటి."

నీలావతి ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. ఎట్లా అంటుంది? ఆ ఆశ తనకూ ఉండేదిగా. వీధి చివర ఫోను బూత్‌కు వెళ్ళి పెనుకొండకు చేసింది. వరలక్ష్మి పక్కింటివాళ్ళు ఎత్తారు. పిలుస్తామని వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, "ఆయమ్మ రాదంట" అని పెట్టేశారు. మంగళవారం పొద్దున ఎప్పటిలాగే ఓబన్న బస్సుకు క్యాసెట్లు వెళ్ళాయి, ఏడో నంబరు వేసిన కొత్తదానితో సహా. గురువారం ఓబన్న కబురు తెచ్చాడు.

"షావుకారి మనుషులు వచ్చినారంటక్కా. సగం నేసిన చీరను మగ్గం మీదనే కోసుకొని పోయినారంట. చిన్నప్ప గుంతలోనుంచి లేయనే లేదంట."

చిన్నప్ప వరలక్ష్మి భర్త. నేసేవాడు కూర్చునుండగా పడుగు కోసుకెళ్ళడమంటే ఇక నీ చేతికి నేత లేదని చెప్పడమేనని ఆ వీధిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అంజనప్ప ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం గిరి మైసూరుపాకు పొట్లంతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా! స్టోరీ పెద్ద హిట్టు. మూడుసార్లు వేసినారు. వచ్చేనెల నుంచి నన్ను రిపోర్టర్ని చేస్తామన్నారు. ఇంగో సంగతి విను. నీ మీద అరగంట ప్రోగ్రాం చేస్తారంట! రాష్ట్రమంతా నిన్ను చూస్తాది."

మైసూరుపాకు పొట్లం ఎవరూ అందుకోలేదు. నీలావతి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఉంది, పక్కన తిరిగొచ్చిన క్యాసెట్ల గుడ్డసంచి.

"అడక్కుండా ఎందుకు తీసకపోయినావు?" అంది.

"అడిగితే ఇస్తావా?"

"ఇయ్యను. ఇయ్యనని తెలిసే కదా అడగలేదు నువ్వు!"

"నీ మంచికే చేస్తి గదమ్మా. తొమ్మిదేండ్ల నుంచి చూస్తాండా. పేపరాయన దగ్గరికి పోతివి, కేబులాయన దగ్గరికి పోతివి. ఎవరన్నా పట్టించుకున్నారా? ఎంత బాగా చెప్పినా తొంభై ఇండ్లు దాటదు నీ గొంతు. నేను ఒక్క దినంలో లక్షల మందికి వినిపించినా!"

"నా గొంతు కాదు గదరా వినిపించింది."

గిరి తడబడ్డాడు. "ఆయక్క పేరు దాటేదాకా టేపు తిప్పి పెట్టి ఇచ్చినా. వాళ్ళు మొదటికి తిప్పినారు. నేను చెప్పేలోపలే వేసేసినారు. అది మాత్రం నా తప్పే. నీ పేరు గూడా రాసిచ్చినా, వాళ్ళు వెయ్యలేదు."

"పేరు లేకపోతే ఆ గొంతు పెనుకొండలో గుర్తుపట్టరా? ఆ వీధిలో మసకకండ్లోళ్ళు ఇంగ ఎంతమంది ఉండారు?" అన్నాడు అంజనప్ప. ఆయన మగ్గంలోంచి లేచి రావడం గిరి చిన్నప్పటి నుంచీ తక్కువసార్లు చూశాడు. "చిన్నప్ప చీర కోసుకపోయినారు. తెలుసునా నీకు?"

గిరికి తెలియదు. లక్షల మందికి వినిపించిన వార్త తర్వాత పెనుకొండలో ఏమైందో ఎవరూ అతనికి చెప్పలేదు. అతనూ అడగలేదు.

"కూచో, ఇది విను" అంది నీలావతి.

మొదటి క్యాసెట్ రెండోవైపు తిప్పి పెట్టింది. సన్నగా గాలి వీచినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందుకు తిప్పింది. ఏమీ లేదు. ఇంకో క్యాసెట్. అదీ అంతే. మూడోది, నాలుగోది. గిరి "చాల్లేమ్మా" అన్నాడు. ఆమె ఆపలేదు. ప్రతి ఆదివారం ఈ ఇంట్లో ఈ సమయానికి నవ్వులు వినబడేవి, ఎవరి బిడ్డదో పద్యం, ఎవరో ముసలాయన దగ్గు, ఎవరో కోడలు అత్తకు వినబడకుండా గుసగుసగా చెప్పుకున్న సంగతి. బడికి పోయే రోజుల్లో గిరి ఆ గొంతులు వింటూనే అన్నం తినేవాడు. ఆ తొంభై ఇళ్ళలో చాలావాటికి అతను ఎప్పుడూ వెళ్ళలేదు, కానీ గొంతు వింటే ఫలానా వీధి అని చెప్పగలిగేవాడు.

ఎనిమిదో క్యాసెట్ కూడా ఖాళీ. తొమ్మిదో దాంట్లో టక్కుమని బటన్ నొక్కిన చప్పుడు, ఒక ఊపిరి. ఎవరో ఏదో చెప్పబోయారు. మళ్ళీ టక్కుమని ఆపేశారు. అంతే.

ఆ ఊపిరి విన్నాక గిరి తను పంపిన వార్తలను తలచుకున్నాడు. రెండేళ్ళలో అతను ఎన్నో స్టోరీలు పంపాడు. మైకు పెడితే అందరూ మాట్లాడారు, మాట్లాడి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరూ, ఏమప్పా, నీతో ఒక మాట చెప్పాలి అని రాలేదు. ఇక్కడ అమ్మ తొమ్మిది క్యాసెట్లు పంపితే వారం వారం తొంభై ఇళ్ళు తలుపు తీసి మాట్లాడాయి. ఆ తలుపులన్నీ ఒక్క సాయంత్రంతో మూయించింది తనే.

"అమ్మా" అన్నాడు. చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నీలావతి కొడుకు తల మీద చెయ్యి వేసింది, కానీ ఓదార్పు మాట ఏదీ చెప్పలేదు. "లెయ్యి, పెనుకొండకు పోదాం" అంది.

బస్సు దిగి కోట వీధికి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వరలక్ష్మి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. ఆమె వెనక, ఖాళీ మగ్గం గుంతలో చిన్నప్ప కూర్చుని ఉన్నాడు, నేయడానికి ఏమీ లేకపోయినా.

"అక్కా, నేనే తప్పు చేసినా. అమ్మకు తెలీదు" అన్నాడు గిరి చేతులు జోడించి.

"మీ అమ్మకు తెలీదని నాకు తెలుసప్పా." వరలక్ష్మి గొంతు టీవీలో విన్నదే, కానీ ఇప్పుడు సన్నగా లేదు. "టీవీలో నా గొంతు మూడుసార్లు విన్నా. ఎంతమంది విన్నారో ఏమో. ఒక్కరన్నా నాకు తిరిగి బదులు చెప్పినారా? టేపులో ఏడిండ్లోళ్ళు చెప్పినారు, ఆ మాటలు పక్కింటోళ్ళు వచ్చి నాకు చెప్పిపోయినారు. తెల్లగుడ్డ పరచమన్నారు, పరిస్తే నిజంగానే నాలుగు దినాలు బాగా నేసినాడు. మీ టీవీ ఏం జెప్పింది మాకు? అయ్యో పాపం అనింది. ఆ అయ్యో పాపం యాడ పెట్టుకోమంటావు?"

గిరి తల వంచుకున్నాడు. చిన్నప్ప గుంతలోంచే అన్నాడు, "పోనీలేమ్మే. ఇంగ దాచేదానికేముంది, ఆస్పత్రికన్నా పోవచ్చు."

"నువ్వు ఊరకుండు. అంత సులువుగా పోనీ అనొద్దు."

"వరలక్ష్మి చెప్పేది నిజం చిన్నప్పా. పోనీ అనకూడదు" అంది నీలావతి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ మాటను నేను భద్రంగా పెట్టలేకపోతి వరలక్ష్మీ. నా ఇంట్లోనుంచే పోయింది."

వరలక్ష్మి తలుపు మాత్రం వేసుకోలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న నీలావతి, కొండ మీద కోట గోడ దాటాక మెల్లగా అంది. "ఇంగ నేను టేపు చెయ్యను గిరీ. నాకేమన్నా చెప్పండి అని ఏ మొగం పెట్టుకోని అడుగుతా?"

ఆ వారం అంజనప్ప తన షావుకారి దగ్గరికి వెళ్ళి, తన పేరు మీద, తన బాధ్యత మీద ఒక పడుగు అడిగి తెచ్చాడు. ఒకే రంగు చీర, జరీ పని తక్కువ, తడిమి నేయగలిగేది. ఓబన్న బస్సులో పెనుకొండకు పంపాడు. గిరి ఛానల్‌వాళ్ళకు ఫోన్ చేశాడు. అమ్మ మీద ప్రోగ్రాం చేసుకోండి గానీ క్యాసెట్ మొదటివైపు మాత్రమే, రెండోవైపు ఒక్క గొంతు కూడా ఇవ్వం అన్నాడు. ఆ చిన్న షరతుకే వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయలేదు. రిపోర్టర్ ఉద్యోగం సంగతీ ఎత్తలేదు. బుధవారం అతను చిన్నప్పను బండి మీద కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. శుక్లమే అన్నారు, పదిహేను రోజుల్లో ఆపరేషన్‌కు రమ్మన్నారు.

ఆదివారం వచ్చింది. తొమ్మిదయింది. నీలావతి వంటింట్లో చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. మగ్గం ఆపమని అడగలేదు.

మగ్గం దానంతటదే ఆగింది. నాలుగు పోగులు అనలేదు, నలభై నేయలేదు. తొమ్మిది కొట్టగానే అంజనప్ప చెయ్యి తీసేసి, గుంతలో కూర్చుని ఎదురుచూశాడు. కళావతి కిటికీకి బొంత కట్టింది. బియ్యం డబ్బా ముందు గిరి కూర్చున్నాడు. టేప్‌రికార్డర్ దగ్గరికి జరుపుకుని బటన్ నొక్కాడు.

"నేను ధర్మవరం పాతబావి వీధి గిరిని. నీలావతి కొడుకుని. పెనుకొండ వరలక్ష్మక్క మీతో చెప్పుకున్న మాటను, ఆమెను అడగకుండా, మా అమ్మను అడగకుండా, నేనే తీసకపోయి టీవీకి ఇచ్చినా. నాకు పేరొస్తాదని ఇచ్చినా. మా అమ్మకు పేరొస్తాదని నాకు నేను చెప్పుకున్నా. చిన్నప్పన్న చీర కోసుకపోయినారంటే అది నా వల్లనే. మీరందరూ రెండోవైపు ఖాళీగా పంపింది గూడా నా వల్లనే. ఈ టేపులు తిరిగొస్తే ఇంగ మా అమ్మ తప్ప ఎవరూ ముట్టుకోరు, నేను గూడా. మీరు నన్ను తిట్టాలంటే తిట్టండి. మా అమ్మతో మాత్రం మాట్లాడటం మానొద్దండి. ఆయమ్మకు మీరే..."

అక్కడ ఆపాడు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా లేదు. మిగతా మొదటివైపంతా ఖాళీగానే ఉంచి తొమ్మిది కాపీలు చేశారు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న నీలావతి వద్దనలేదు.

వారం తర్వాత ఓబన్న గుడ్డసంచి తెచ్చిచ్చాడు. ఆదివారం పొద్దున అందరూ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చున్నారు. అంజనప్ప మాత్రం మగ్గంలోనే, చెవి ఇటు పెట్టి. మొదటి క్యాసెట్ ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడో దాంట్లో ఒక ముసలాయన తన పేరు చెప్పి, గిరిని రెండు తిట్లు తిట్టి, పట్టు ధర ఎంతుందో ఈ వారం ఎవరూ చెప్పలేదని గొణిగాడు. కళావతి నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగు, అయిదు, ఆరు ఖాళీ. నీలావతి ఏడో క్యాసెట్ చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత పెట్టింది.

చాలాసేపు గాలి చప్పుడే. గిరి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు దూరంగా మగ్గం చప్పుడు వినబడింది. నిదానంగా, తడుముకుంటూ, కానీ ఆగకుండా.

"నేను పెనుకొండ కోట వీధి వరలక్ష్మిని."

మళ్ళీ మగ్గం చప్పుడు.

"అక్కా, ఈ వారం నీ గొంతే లేదు. నీ కొడుకు మాట్లాడినాడు. మాట్లాడింది బాగనే ఉండాది గానీ మరీ బిరబిరా చెప్తాడు. కొంచెం నిదానం నేర్పు ఆ పిల్లోనికి. వచ్చేవారం నువ్వే మాట్లాడక్కా. మా ఆయన మగ్గంలో కూచున్నాడు, చేతులు పనిలోనే ఉండాయి. చెవి నీకే ఇచ్చినాడు."

నీలావతి బటన్ ఆపలేదు. మిగతా టేపంతా చిన్నప్ప మగ్గం చప్పుడే, వరలక్ష్మి ఆపకుండా వదిలేసిందేమో. దాన్ని అలాగే తిరగనిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గిరి తల్లి పాదాల దగ్గర కూర్చుని దూదితో టేప్‌రికార్డర్ తుడుస్తున్నాడు, ఏది తుడుస్తున్నాడో చూసుకోకుండానే. టేపు అయిపోయి బటన్ టక్కుమని లేచాక ఆమె కళ్ళు తుడుచుకుంది, గొంతు సవరించుకుంది, మగ్గం వైపు తిరిగింది.

"ఇంగ ఆపు ఆ మగ్గం. అరగంటే కదా!"

"ఇంగ నాలుగు పోగులే" అన్నాడు అంజనప్ప.